వంటింటి సింకు కుళాయి గారికి

అయ్యా కుళాయి గారూ,

నమస్కారం పెడదామంటే కుడి చెయ్యి పైకి లేవట్లేదండీ, నిన్న పొద్దున్నుంచీ పైపు రెంచి పట్టుకుని మీ మెడకి వేలాడింది ఆ చెయ్యే.

ఒక్క మాట అడుగుతా, ఏమనుకోకండి. వాషర్ మార్చినా రాత్రంతా టప్ టప్ మంటూనే ఉన్నారు, కింద గిన్నె పెడితే ఇంకా గట్టిగా, గుడ్డ కడితే గుడ్డ చివర్నుంచి దొంగలా, ఆపాల్సిన నీళ్ళని ఏనాడూ ఆపింది లేదు, మరి వదలాల్సిన పైపుని పట్టుకుని ఈ వేలాడ్డం ఏంటండీ? ఉన్నదే అరంగుళం మర!

తప్పంతా మీదే అనను లెండి. మా బోరు నీళ్ళలో ఉన్న సున్నం మొత్తం మీ మొదలు చుట్టూ తెల్లగా పేరుకుపోయింది, మీరేమో ఇత్తడి, గోడలో పైపేమో ఇనుము, ఈ రెండిటి కాపురంలో తడి చేరితే తుప్పు పట్టేది ఇనుమే, ఆ తుప్పు ఉబ్బి మరలో బిగుసుకుంది. రాత్రి ప్లాస్టిక్ కవర్లో వెనిగర్ పోసి మీకు కట్టాను, బుసబుసా పొంగింది, పొద్దున చూస్తే బయట తళతళ, లోపల మర దాకా చుక్క పోలేదు. పెళ్ళికొడుకులా మెరుస్తూ అక్కడే కూర్చున్నారు.

అన్నట్టు నీళ్ళు కట్టేద్దామని మేడెక్కితే అక్కడ ఎనిమిది గేట్‌వాల్వులు, ఒక్కదాని మీదా ఫ్లాటు నంబరు లేదు, ఏదో ఒకటి తిప్పితే మూడో అంతస్తాయన సబ్బు మొహంతో ఫోన్ చేశాడు.

ఇంతలో మా అత్తగారు వచ్చి కాసేపు చూసి "అల్లుడుగారూ, ఎడమకి తిప్పాలేమో" అన్నారు. అప్పటికి పావుగంట నుంచి కుడికి తిప్పుతున్న మాట నిజమే, అది మన మధ్యే ఉండనివ్వండి.

చివరికి ప్లంబర్ వచ్చాడు. మీరు బిగుసుకున్న పైపు వంపు, అదే ఎల్బో, దాని చుట్టూ సుత్తితో చిన్నగా నాలుగు తట్టాడు, గోడలో పైపు తిరక్కుండా ఒక రెంచితో అదిమి ఇంకో రెంచితో మిమ్మల్ని ఒక్క గుంజు గుంజాడు, కిర్రుమన్నారు, టక్కుమన్నారు, మొండెం అతని చేతిలోకి వచ్చింది, మర ముక్క గోడలోనే ఉండిపోయింది. పోతూ పోతూ కూడా సగమే పోయారండీ! దాన్ని రంపం బ్లేడుతో కోసి, స్క్రూడ్రైవర్ పెట్టి ముక్కముక్కలుగా పొడిచి తీసేసరికి ముప్పావుగంట.

మీ వారసుణ్ణి బిగించాక అతను చేతులు కడుక్కుంటూ గర్వంగా అన్న మాట మీకు చెప్పాలనిపించింది. "టేపు గట్టిగా ఇరవై చుట్లు చుట్టినా సార్, ఇంక దీన్ని ఎవడూ పీకలేడు."

ఇట్లు,
చెయ్యి పట్టేసిన ఇంటాయన