సొంత యూఎస్‌బీ కంట్రోలర్: డ్రైవర్ రాసేవాణ్ణి పిలవాల్సింది ఎప్పుడు?

సొంత చిప్‌లో సొంత యూఎస్‌బీ డివైస్ కంట్రోలర్ పెట్టుకునే టీముల ప్లాన్‌లో లైనక్స్ డ్రైవర్ ఎప్పుడూ ఆఖరి వరసే. "గాడ్జెట్ ఫ్రేమ్‌వర్క్ ఉందిగా, నాలుగు ఫంక్షన్లు రాస్తే సరి" అంటారు. గాడ్జెట్ ఫ్రేమ్‌వర్క్ అంటే బోర్డును యూఎస్‌బీ డివైస్‌గా నడిపించే లైనక్స్ భాగం. ఆ మాట సగం నిజమే. మాస్ స్టోరేజ్, సీరియల్, ఈథర్‌నెట్ కోడంతా కెర్నల్‌లో రెడీగా ఉంది. ఎండ్‌పాయింట్ (డేటా వచ్చిపోయే దారి) ఎనేబుల్ చేయడం, రిక్వెస్టును క్యూలో పెట్టడం, పని అయ్యాక తిరిగి అప్పగించడం... బల్క్ ట్రాన్స్‌ఫర్ల (పెద్ద మొత్తంలో డేటా పంపడం) వరకూ ఆ లెక్క సరిపోతుంది. ప్రాణం తీసేది ఎండ్‌పాయింట్ జీరో, అంటే హోస్ట్ (అవతలి కంప్యూటర్) తన ఆదేశాలు పంపే దారి.

డివైస్‌కు హోస్ట్ కొత్త అడ్రస్ ఇచ్చే సెట్ అడ్రస్ రిక్వెస్టే తీసుకోండి. దానికి ఒప్పుకుంటూ డివైస్ ఇచ్చే స్టేటస్ పాత అడ్రస్ సున్నా మీదే పూర్తవ్వాలి. ఆ తర్వాత 2 మిల్లీసెకన్లలో కొత్త అడ్రస్‌కు పలకాలి. డ్రైవర్ తొందరపడి కొత్త అడ్రస్‌ను చిప్ రిజిస్టర్‌లో రాసేస్తే, సున్నాకు వచ్చిన టోకెన్‌కు (హోస్ట్ పిలుపుకు) దిక్కుండదు. హోస్ట్ లాగ్‌లో 'అడ్రస్ ఒప్పుకోవడం లేదు, ఎర్రర్ మైనస్ 71' అని పడుతుంది. మీ కోడ్‌లో తప్పు ఏ లైన్లో ఉందో మాత్రం అది చెప్పదు. కెర్నల్‌లోని డీడబ్ల్యూసీ3 (ఒక రెడీమేడ్ కంట్రోలర్) డ్రైవర్ సెటప్ ప్యాకెట్ అందగానే అడ్రస్ రాసేస్తుంది, సరైన క్షణం దాకా ఆగే బాధ్యత హార్డ్‌వేర్‌ది. ఎంయూఎస్‌బీ (ఇంకో కంట్రోలర్) డ్రైవర్ అయితే అడ్రస్‌ను దాచిపెట్టుకుని, స్టేటస్ ముగిసిన ఇంటరప్ట్ (చిప్ ఇచ్చే సంకేతం) వచ్చాకే రాస్తుంది. ఆగే పనిని చిప్‌లోనే పెట్టడం చిప్ డిజైన్ కోడ్ రాసే ఆర్‌టీఎల్ ఇంజనీర్‌కు పెద్ద పనేం కాదు. సాఫ్ట్‌వేర్ మీదకు నెట్టాలనుకుంటే, కనీసం స్టేటస్ ముగిసిందని చెప్పే ఇంటరప్ట్ అయినా ఉండాలి. అదీ లేని చిప్ చేతికొస్తే డ్రైవర్ రాసేవాడికి మిగిలేది అంచనాలే.

లాక్ (ఒకే డేటాను ఇద్దరు ఒకేసారి ముట్టకుండా ఆపేది) సంగతి వేరు, అది పూర్తిగా మన తలనొప్పే. రిక్వెస్ట్ పూర్తయిందని గాడ్జెట్‌కు చెప్పే కాల్‌బ్యాక్‌లోనే అది ఇంకో రిక్వెస్ట్ క్యూ చేస్తుంది. ఆ క్యూకూ అదే లాక్ కావాలి కాబట్టి, మన స్పిన్‌లాక్ పట్టుకునే ఉంటే బోర్డు అక్కడికక్కడే బిగుసుకుపోతుంది. వదిలి, మళ్లీ పట్టుకుంటే ఈలోగా క్యూ మారిపోయి ఉండవచ్చు. పాత పాయింటర్‌ను నమ్మకూడదు.

అందుకే నా అభిప్రాయం: రిజిస్టర్ మ్యాప్ (చిప్ రిజిస్టర్ల జాబితా) గీసే రోజునే డ్రైవర్ ఇంజనీర్ ఆ గదిలో ఉండాలి. ఆర్‌టీఎల్ ఫ్రీజ్‌కు (డిజైన్ ఖరారుకు) ముందే ఎఫ్‌పీజీఏ (డిజైన్‌ను మార్చి మార్చి పరీక్షించే చిప్) మీద లైనక్స్ ఎక్కించి, బోర్డులో జీ-జీరో అనే టెస్ట్ గాడ్జెట్, హోస్ట్‌లో యూఎస్‌బీటెస్ట్ అనే టెస్ట్ డ్రైవర్ రాత్రంతా నడపాలి, మధ్యమధ్యలో కేబుల్ పీకుతూ. సాఫ్ట్‌వేర్‌లోనే నడిచే నకిలీ కంట్రోలర్ డమ్మీ హెచ్‌సీడీతో సరిపెట్టుకుంటే కుదరదు, అందులో మీ హార్డ్‌వేరే ఉండదు. ఇంత ఓపిక, టైమ్ లేని టీమ్, డ్రైవర్ ఇప్పటికే కెర్నల్‌లో ఉన్న ఐపీని (రెడీమేడ్ కంట్రోలర్ డిజైన్‌ను) కొనుక్కోవడం మేలు. ఆ లైసెన్స్ ఫీజు మళ్లీ టేపౌట్‌కు (చిప్ డిజైన్‌ను ఫ్యాక్టరీకి పంపడానికి) వెళ్లే ఖర్చుతో పోలిస్తే చిన్నదే.