శ్రీ ‘పాలు చాలట్లేదేమో’ గారికి బాలింత రాయునది ఏమనగా

అయ్యా,

ఇక్కడ మేమంతా క్షేమం. మీరూ క్షేమంగానే ఉంటారు. ఏ ఇంటికి వెళ్లినా మీ మర్యాదకు లోటుండదు కదా.

మీరు నా దగ్గరికి వచ్చిన రోజు బాగా గుర్తుంది. కర్నూలులో ఒక నర్సింగ్ హోం, పేరెందుకులెండి. ఆపరేషన్ చేసి బిడ్డను తీసి ఆరు గంటలు కూడా కాలేదు. నడుం కింద మత్తు అప్పుడప్పుడే దిగుతోంది. పిల్లోడు కెవ్వుమన్నాడు. మంచం చుట్టూ ఉన్నవాళ్లలో ఎవరి నోటి నుంచి దిగారో చూడలేదు గానీ, మీరు దిగారు: “పాలు చాలట్లేదేమో.” అసలు పాలు పడటానికే రెండు మూడు రోజులు పడుతుందట. వాటికంటే ముందే మీరొచ్చేశారు. అంత తొందరేమిటండీ?

మీ తెలివంతా మీ పేరు చివర ఉన్న ఆ ‘ఏమో’లో ఉంది. ‘చాలట్లేదు’ అంటే ఎవరో ఒకరు ‘నీకెట్ల తెలుసు?’ అని అడుగుతారు. ‘ఏమో’ అంటే ఎవరూ అడగరు. అనుమానంలా లోపలికొచ్చి తీర్పులా కూర్చుంటారు.

మొదటి రోజు నాలుగు చుక్కలు వచ్చాయి, పసుప్పచ్చగా, జిగటగా. మా అవ్వ చూసి “ఇవేం పాలు, పిండి పారెయ్” అంది. ఆ అవ్వే, ఎనుము ఈనితే ముర్రుపాలతో జున్ను కాచి, గిన్నెల్లో పోసి వీధంతా పంచుతుంది. ఎనుముకు వస్తే ముర్రుపాలు, మనవరాలికి వస్తే జిగట! మొదటి రోజు బిడ్డ పొట్టకు పూటకు ఒక చెంచాడు చాలని, ఆ జిగటే వాడికి మొదటి టీకా లాంటిదని ఆ గదిలో ఒక్కరూ చెప్పలేదు. గోడ మీద మాత్రం పోస్టరుంది, ‘తల్లిపాలు అమృతం’ అని. నిజమే. కానీ అమృతం కోసం దేవతలు ఒకవైపు, రాక్షసులు ఒకవైపు, మధ్యలో కొండ, దానికో పాము, కింద ఒక తాబేలు. అంతమంది పట్టారు. నేను ఒక్కదాన్ని, కుట్లతో.

నాలుగో రోజు కోడుమూరు రోడ్డులో ఉన్న మా ఊరికి తీసుకొచ్చారు. మే నెల. రేకుల వరండా పెనంలా కాలుతోంది. బాలింత నీళ్లు ఎక్కువ తాగితే బిడ్డకు జలుబు చేస్తుందని నాకు గ్లాసులో సగం, అదీ వేడినీళ్లు. చూడ్డానికి వచ్చినవాళ్లు నా మంచం చుట్టూ కుర్చీలేసుకున్నారు. వాళ్లతో పాటు మీరూ. ఎదురింటి పెద్దమ్మ నోట్లో కాసేపు, మా మేనత్త నోట్లో కాసేపు. వెల్లుల్లి కారం ఇంకో ముద్ద తినమని ఒకరు, మెంతులు నానబెట్టమని ఒకరు, దిష్టి తీయమని ఇంకొకరు.

ఒక్క మాట అడుగుతా. పాలు పితికేటప్పుడు మా అవ్వ కొత్తవాళ్లను కొట్టంలోకి రానివ్వదు. “మనిషి మారితే ఎనుము చేపదు” అంటుంది. ముందు దూడను విడుస్తుంది, అది నాలుగు గుద్దులు గుద్దాక చేపుకొస్తుంది, అప్పుడు చెంబు పెడుతుంది. బెదిరినా, నొప్పెట్టినా పాలు దిగవని మా ఇంట్లో అందరికీ తెలుసు. మరి నా చుట్టూ ఏడు మంది కూర్చుని, చనుమొనలు పగిలి రక్తం వస్తుంటే, “ఇంకా రాలేదా, ఇంకా రాలేదా” అంటే ఎట్ల చేపుతాయి స్వామీ?

అయిదో రోజు రాత్రి మీ మాట మీద పాలపొడి డబ్బా వచ్చింది. డిశ్చార్జి చీటీ వెనుక ఎవరో దాని పేరు ముందే గీకి పెట్టారు. పిల్లోడు గటగటా తాగి నాలుగు గంటలు పడుకున్నాడు. ఇల్లంతా ఊపిరి పీల్చుకుంది. వాడు పడుకున్నాడు కాబట్టి నన్ను చీకలేదు. చీకలేదు కాబట్టి పాలు ఊరలేదు. ఎంత ఖాళీ అయితే అంత ఊరేవి పాలు, మా ఊరి చెలమ లాగా. రెండు రోజుల్లో నిజంగానే తగ్గాయి. అబద్ధంగా వచ్చారు, నిజమై కూర్చున్నారు. మీ పనితనానికి ఒక దండం.

తెల్లవారుజామున మూడింటికి, నిద్ర పట్టక ఆ డబ్బా చదివాను. బిడ్డకు తల్లిపాలే మేలని దాని మీద రాసుంది. 1992 చట్టం ప్రకారం అట్ల రాసి తీరాలట. బిడ్డ బొమ్మ వేయకూడదు, ప్రకటన ఇవ్వకూడదు, ఉచితంగా పంచకూడదు. తల్లిపాలే మేలన్న మాట మా ఇంట్లో నాతో అన్నది ఆ డబ్బా ఒక్కటే. అదీ చట్టానికి భయపడి. మీకే చట్టమూ లేదు.

డబ్బా మీద నాకు పగ లేదండీ. థైరాయిడ్ ఉన్నవాళ్లకు, కాన్పులో రక్తం బాగా పోయినవాళ్లకు నిజంగానే పాలు తక్కువ పడొచ్చు. బిడ్డను పస్తు పెట్టలేం. ఎవరికి తక్కువో చూసి చెప్పే మనిషి కావాలని మాత్రమే నా బాధ.

ఆ మనిషి కోసం మా ఆయన ఫోనులో వెతికాడు. ‘లాక్టేషన్ కన్సల్టెంట్, కర్నూలు’ అని కొడితే సంతాన సాఫల్య కేంద్రాలు మూడు, పిల్లల బట్టల షాపు ఒకటి, హైదరాబాదు నంబర్లు కొన్ని వచ్చాయి. కర్నూల్లో కొండారెడ్డి బురుజు దగ్గర నిలబడి రాయి విసిరితే స్కానింగ్ సెంటర్ మీద పడుతుంది. బిడ్డ నోరు సరిగా పట్టిందా లేదా చూసేవాళ్లు మాత్రం ఎక్కడున్నారో ఎవరికీ తెలీదు. మా మామ పాపం సాయం చేయబోయి, “పాల డాక్టరా? పశువుల ఆస్పత్రిలో అడుగుదామా?” అన్నాడు. ఏటా ఆగస్టు 1 నుంచి 7 దాకా తల్లిపాల వారోత్సవాలు జరుగుతాయి. 2016లో కేంద్రం తల్లిపాల కోసం ‘మా’ (అమ్మ) అని పేరు పెట్టి ఒక కార్యక్రమమే మొదలుపెట్టింది. నా కొడుకు మేలో పుట్టాడు. తప్పు వాడిదే.

ఏడో రోజు ఆశా అక్క వచ్చింది. ఆస్పత్రిలో పుట్టిన బిడ్డను 42 రోజుల్లో ఆరుసార్లు ఇంటికెళ్లి చూడాలని వాళ్లకు లెక్కుంది. సంచిలోంచి తూకం తీసింది. పుట్టినప్పుడు 2.9 కిలోలు, ఇప్పుడు 2.7. మా అమ్మ ఏడుపు మొదలుపెట్టింది. మీరు నోరు తెరవబోయారు. అక్క మిమ్మల్ని ఆపి, “మొదట్లో ఇంత తగ్గడం మామూలేమ్మా, రెండు వారాల్లో తిరిగి రావాల. ఏదీ, ఒకసారి పట్టు, చూస్తా” అంది. ఏడు రోజుల్లో అట్ల అడిగిన మొదటి మనిషి. చూసి, “ఇది నాతో అయ్యేది కాదు, తెలిసినామె ఉంది” అని ఎవరికో ఫోన్ చేసింది.

మరుసటి రోజు కర్నూల్లోని గాయత్రి ఎస్టేట్‌కు వెళ్లాం. ఒక పిల్లల ఆస్పత్రిలో వారానికి రెండు రోజులు కూర్చునే పెద్ద నర్సు. పసిపిల్లల వార్డులో ఏళ్ల తరబడి చేసి, పాలిప్పించడంలో ట్రైనింగ్ తీసుకున్న మనిషి. మొదట అందరినీ బయటికి పంపింది. నాకు ఒక చెంబు చల్లని మంచినీళ్లిచ్చింది. ఆ చెంబును నేను చచ్చేదాకా మర్చిపోను.

తర్వాత నన్ను కాదు, పిల్లోణ్ణి చూసింది. వాడి చెవి, భుజం, నడుం ఒకే గీతలో ఉండాలంది. అన్నాళ్లూ వాడు మెడ పక్కకు తిప్పుకుని, మనం భుజం మీదుగా వెనక్కి చూస్తూ నీళ్లు తాగినట్టు తాగుతున్నాడు. ముక్కుకు ఎదురుగా చనుమొన పెట్టి ఆగమంది. వాడు నోరు కొంచెం తెరిచాడు. “కాదు.” ఇంకొంచెం. “కాదు.” ఆవులించినంత తెరిచాడు. “ఇప్పుడు!” అని వాణ్ణి నా వైపుకు జరిపింది. ముందు గడ్డం ఆనింది. కింది పెదవి బయటికి మడుచుకుంది. నొప్పికి నా కాలివేళ్లు ముడుచుకోలేదు. ఎనిమిది రోజుల్లో మొదటిసారి. కాసేపటికి ఒక చిన్న చప్పుడు, గుటక. మళ్లీ గుటక. ఆమె ఏమీ మాట్లాడకుండా వేలితో లెక్కపెడుతోంది.

రాత్రీ పగలూ కలిపి ఎనిమిది నుంచి పన్నెండు సార్లు పట్టమంది. తర్వాత చేత్తో పిండి, సీసాతో కాకుండా ఉగ్గుగిన్నెతో పోయమంది. డబ్బా ఒక్కసారిగా మానొద్దు, తూకం చూసుకుంటూ తగ్గిద్దాం అంది. పాలు చాలుతున్నాయా అన్నది తల్లి దగ్గర కాదు, బిడ్డ దగ్గర చూడాలంది: రోజుకు ఆరు గుడ్డలు తడపాలి, బరువు పెరగాలి. మా అవ్వ ఆ రాత్రి నుంచి దండెం మీద గుడ్డలు లెక్కపెట్టింది. మొదట నాలుగు, తర్వాత ఆరు, ఒకరోజు తొమ్మిది. ఆ తొమ్మిది నాడు ఎదురింటి పెద్దమ్మను పిలిచి మరీ చూపించింది. ఆ నర్సమ్మ ఇచ్చిన సమయం యాభై నిమిషాలు, తీసుకున్న ఫీజు ఇంచుమించు ఆ డబ్బా ఖరీదు.

పదిహేనో రోజుకు వాడు పుట్టినప్పటి బరువుకు వచ్చాడు. డబ్బాలో ఇప్పుడు మా అమ్మ ధనియాలు పోసుకుంది.

నిన్న మా చిన్నాన్న కూతురికి కాన్పైంది. మీరు ఈపాటికే మూటాముల్లె సర్దుకుని ఉంటారు. ఆ నర్సమ్మ నంబరు నేను పొద్దున్నే పంపాను, మధ్యాహ్నం బస్సుకు నేనూ వెళ్తున్నా. అక్కడ కలుద్దాం.

ఇంకా చాలా రాయాలనుంది. లోపల వాడు లేచాడు, వాడి గొంతు వినగానే చేపుకొచ్చి రవికంతా తడిసింది. ఉంటాను.

ఇట్లు,
ఒక బాలింత,
కర్నూలు జిల్లా