బోసినోటికి డెల్టా మర్యాదలు

పిల్లల డాక్టర్లు ఒక కాగితం ఇస్తారు. ఆరు నెలలు నిండి, ముక్క చేత్తో పట్టుకుని తినడం మొదలుపెట్టిన బిడ్డకి ఏవేవి పెట్టకూడదో అందులో ఉంటుంది. జీడిపప్పు, వేరుశనగ గింజలు, పచ్చికొబ్బరి ముక్కలు, గట్టి మిఠాయి, కరకరలాడే పిండివంటలు, గుండ్రటి పళ్లు, తేనె, పంచదార, ఉప్పు. గోదావరి డెల్టా మనిషి ఎవరు చదివినా రెండే అనుమానాలు వస్తాయి. ఈ డాక్టరు ఎవరింటి సారె పట్టీయో చూసి ఎక్కించేశాడు. లేదంటే ఈయనకి ఉభయ గోదావరుల మీద ఏదో పాత కక్ష ఉంది.

1852లో కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేసిన దగ్గర్నుంచి ఈ నేల మీద పెట్టడమే తప్ప వద్దనడం తెలీదు. కాలవ పారింది, వరి పండింది, గట్టు మీద కొబ్బరి, లంకలో అరటి. సంక్రాంతికి కొత్త అల్లుడొస్తే వందల రకాలు వరసగా పేర్చి, మధ్యలో అల్లుణ్ణి కూర్చోబెట్టి, ఫొటో తీయించి పేపరుకి పంపే జనం మనం. ఆయనకి అరగలేదంటే అది అల్లుడి లోపం గానీ వంటది కాదు. అలాంటి ఇంట్లో, ఆ అల్లుడి కొడుకే ఎనిమిది నెలల వయసులో పళ్లెం వైపు చెయ్యి చాపితే, "వద్దండీ, గొంతుకి అడ్డం పడుద్ది" అనే మనిషిని ఏమనాలి? మర్యాద తెలియని కోడలు అనాలి. అంటున్నారు కూడా.

ముందు జంతిక సంగతి తేల్చుకుందాం. బిడ్డ చొంగ కారుస్తున్నాడంటే పళ్లొస్తున్నాయని లెక్క. చిగుళ్లు దురద పెడతాయి గనక గట్టిది ఏదైనా చేతికివ్వాలి. డబ్బాలో ఉన్న గట్టిది జంతికే గనక జంతికే ఇవ్వాలి. తర్కంలో ఎక్కడా వంక లేదు. బిడ్డ దాన్ని గుప్పిట్లో పట్టుకుని ఒక కొస నోట్లో పెట్టి చప్పరిస్తాడు. కాసేపటికి పైపైన మెత్తబడుతుంది, లోపల మాత్రం పుల్లలా అలాగే ఉంటుంది. అప్పుడు కింద మొలిచిన రెండు పళ్లతో టక్కున విరుస్తాడు. విరవడానికి ముందు పళ్లున్నాయి, నమలడానికి దవడ పళ్లు లేవు. అవి ఏడాది దాటితే గానీ రావు. ఇప్పుడు నాలిక మీద గోరంత ముక్క ఉంది. దాన్నేం చెయ్యాలో వాడికి తెలీదు. వెనకాల గాలిగొట్టం చూస్తే కూల్‌డ్రింకు స్ట్రా అంత ఉంది. చుట్టూ కూర్చున్న పెద్దలు మాత్రం చప్పట్లు కొడుతున్నారు. "చూశారా, అచ్చం తాతలాగే కొరికాడు!" తాతగారివి కట్టుడు పళ్లు. ఆ మాట ఎవరూ ఎత్తరు.

అయితే ఇలా ఒక్కొక్క ముక్కా ఇచ్చి ప్రమాదాన్ని చిల్లరగా తెచ్చుకోవడం మన స్థాయి కాదు. అన్నీ కలిపి, టోకున, పైనుంచి పోయడానికి ఏడాదికో సాయంత్రం కేటాయించుకున్నాం. అదే భోగి. పీట మీద బిడ్డ, ఒంటి మీద కొత్త జుబ్బా, చుట్టూ పేరంటాళ్లు. పళ్లెంలో రేగిపళ్లు, నానబెట్టిన శనగలు, చెరకు ముక్కలు, చిల్లర నాణేలు, బంతిపూల రేకులు. పిల్లల డాక్టరుకి పీడకలలో వచ్చే వస్తువులన్నిటినీ ఒక్క పళ్లెంలో ఇంత పొందిగ్గా సర్దిన జాతి ఇంకోటి ఉండదు. దోసిట్లోకి తీసుకుని, తల చుట్టూ మూడుసార్లు తిప్పి, నెత్తి మీద పోస్తారు. సగం నేల మీదికి దొర్లుతాయి, వాటికోసం వీధి పిల్లలు కొట్టుకుంటారు. సగం బిడ్డ ఒళ్లోనే ఆగుతాయి. తొమ్మిదో నెల వచ్చేసరికి బొటనవేలూ చూపుడువేలూ కలిపి నేల మీది ఆవగింజనైనా ఏరగల నేర్పు వాడికి వచ్చేసి ఉంటుంది. పైగా ఆ వయసులో ఏరినదల్లా నోట్లోకే. ఆ సమయానికి పెద్దవాళ్లంతా తర్వాత ఎవరు పోయాలి, ముందు మేనత్తా అమ్మమ్మా అనే పెద్ద చర్చలో ఉంటారు. ఫొటోలు తీసేవాడు "బాబుని ఇటు చూడమనండి" అంటుంటాడు. బాబు శనగ వైపు చూస్తున్నాడు.

ఈ వేడుక మామూలుగా ఐదేళ్ల లోపు పిల్లలకి చేస్తారు. గింజలు, పప్పులు పలుకుగా పెట్టొద్దని డాక్టర్లు చెప్పేదీ ఐదేళ్ల లోపు పిల్లలకే. సంప్రదాయమూ వైద్యమూ ఒకే వయసు దగ్గర ఇంత కచ్చితంగా కలవడం చూసి మనం గర్వపడాలి. పూలరేకులు మాత్రమే పోసినా దిష్టి పోతుందేమో అని ఒక తల్లి అడిగితే, ఆ ఇంట్లో పెద్దావిడ ఒక్కటే మాట అన్నారు: "రేకులకి పోయేది దిష్టా, దుమ్మా?"

పొలమారినప్పుడు మన వైద్యం వేరే ఉంది. నడినెత్తిన అరచేత్తో తట్టి, "ఎవరో తలుచుకుంటున్నారు" అంటాం. దుబాయిలో ఉన్న మావయ్య, హైదరాబాదు పిన్ని, అలా పేర్లు వరసగా చదువుతాం. ఎవరి పేరు దగ్గర దగ్గు ఆగితే వాళ్లన్నమాట. దగ్గు వస్తున్నంతసేపు ఈ ఆటతో పెద్ద ఇబ్బంది లేదు. శబ్దం వస్తోందంటే గాలి ఆడుతోందనే, ముక్కని బిడ్డే బయటికి తోసుకుంటున్నాడనే. చిక్కెక్కడంటే, గొంతుకి పూర్తిగా అడ్డం పడితే శబ్దమే రాదు. దగ్గు లేదు, ఏడుపు లేదు, పెదాలు నీలంగా మారతాయి. అల్లరి చెయ్యట్లేదు, బుద్ధిమంతుడని మెచ్చుకునే ప్రమాదం ఉంది. అప్పుడు మావయ్య పేరు పనిచెయ్యదు. ఏడాది నిండని బిడ్డయితే ముంజేతి మీద బోర్లా వేసుకుని, దవడ పట్టుకుని, తల కిందికి ఉండేలా చూసి, వీపు మీద రెండు రెక్కల మధ్య అరచేతిలో మణికట్టు దగ్గరి భాగంతో ఐదు దెబ్బలు గట్టిగా వెయ్యాలి. ముక్క రాకపోతే వెల్లకిలా తిప్పి రొమ్ము మధ్య ఎముక మీద ఐదుసార్లు నొక్కాలి. మళ్లీ దెబ్బలు, మళ్లీ నొక్కుళ్లు. ఈలోగా ఇంకొకరు 108కి ఫోన్ చెయ్యాలి. కనబడని ముక్క కోసం వేలు పెట్టి కెలికితే అది ఇంకా లోపలికి పోతుంది. ఎవరు తలుచుకున్నారో ఆ తర్వాత తీరిగ్గా విచారించుకోవచ్చు.

తేనెకి మన ఇళ్లల్లో అసలు విచారణే లేదు. పుట్టిన రోజే ఉంగరం తేనెలో ముంచి నాలికకి రాసేవాళ్లున్నారు. "కల్తీ లేదండీ, మన్యం నుంచి తెప్పించాం" అంటారు. కల్తీ ఉందని ఎవరన్నారు? అడవి తేనెలోనైనా సరే బొటులినమ్ అనే బ్యాక్టీరియా బీజాలు ఉండొచ్చు. మన కడుపులో అవి ఊరికే పడి ఉండి పోతాయి. ఏడాది నిండని బిడ్డ పేగుల్లో మాత్రం మొలకెత్తి విషం తయారు చేస్తాయి. విరేచనం ఆగిపోతుంది, ఏడుపు నీరసపడుతుంది, మెడ వాలిపోతుంది. ఇంట్లో కాచినంత మాత్రాన ఆ బీజాలు చావవు. అందుకే ఏడాది దాకా తేనె చుక్క కూడా వద్దంటారు. "ఎక్కడో నూటికో కోటికో ఒకరికండీ" అని బాబాయిగారు కొట్టిపారేశారు. అరుదైనవి కోడిపందెం బరిలో తప్పక జరుగుతాయని ఆయన నమ్మకం. ఏటా కనుమ నాడు పొలం కాగితాలు పట్టుకుని వెళ్లేది ఆ నమ్మకంతోనే. బిడ్డ పేగుల్లో మాత్రం జరగవు.

ఇక కడిగిన ఆవకాయ. ఇది మన రసాయన శాస్త్రానికి శిఖరం. ముక్కని నీళ్లలో జాడిస్తే ఎర్రదనం పోతుంది గనక ఉప్పూ పోయిందని సిద్ధాంతం. ఎండాకాలంలో జాడీలోకి దిగిన ముక్క సంక్రాంతి దాకా ఉప్పులోనే కాపురం చేసింది, ఆ ఉప్పు తోలు దాటి లోపలికి పోయి కూర్చుంది. ఏడాది లోపు బిడ్డకి రోజు మొత్తం మీద గ్రాము ఉప్పు కూడా దాటకూడదు, ఆ కాస్తా పాలల్లో, మామూలు తిండిలోనే అందుతుంది. "చప్పిడి ఎలా తింటాడండీ పాపం!" అని జాలిపడేది మనం. వాడికి ఉప్పు రుచే తెలీదు, పాపం.

పులస గురించి మాట్లాడాలంటే భయం. పుస్తెలమ్మైనా తినాలన్నారు గానీ ఏ వయసు వాళ్లు తినాలో సామెతలో చెప్పలేదు. వెంట్రుకల్లాంటి ఆ ముళ్లని ఏరడం పళ్లూ అనుభవమూ ఉన్నవాళ్లకే గండం. సొరచేప పిట్టు బాలింతకి పాలు పడతాయని పెట్టి, ఆ చేత్తోనే బిడ్డకీ నాలుగు మెతుకులు పెడతారు. సొరలో పాదరసం ఎక్కువని, పసివాళ్లకి వద్దని ఎవరైనా అంటే, పాదరసం థర్మామీటర్లో కదా ఉండేది అంటారు. తాటిముంజ జారుతుంది, పనస తొన సాగుతుంది, చేగోడీ విరుగుతుంది. వాటిని చెప్పుకుంటూ పోతే పొద్దుపోతుంది. ఆత్రేయపురం పూతరేకుకి 2023లో జీఐ గుర్తింపు, అంటే ఇది ఆ ఊరి సొత్తేనని సర్కారు ముద్ర, వచ్చింది. రెండేళ్ల దాకా పంచదార, బెల్లం కలిపి పెట్టొద్దని డాక్టర్లంటున్నారంటే, ఆ గుర్తింపుకి ఇదే గౌరవమా అని ఊరంతా బాధపడింది.

నిజానికి కాగితంలో డాక్టరు రాయడం మర్చిపోయిన పేరు ఒకటుంది. చెయ్యి. జంతిక తనంతట తాను నడిచొచ్చి బిడ్డ నోట్లో దూరదు. వీధిలో పోతూ పలకరించడానికి వచ్చిన చెయ్యి, తల్లి స్నానానికి వెళ్లిందని గమనించిన చెయ్యి, "నేను నలుగురిని పెంచాను" అనే చెయ్యి. ఆ నలుగురూ బతికే ఉన్నారు గనక సాక్ష్యానికి లోటు లేదు. తండ్రి ఈ వ్యవహారాల్లో తలదూర్చడు. ఆయన అప్పుడే ఫోనొచ్చి బయటికి వెళ్లి ఉంటాడు.

మరి ఏం పెట్టాలి అని అడిగేవాళ్ల కోసం: వేళ్ల మధ్య నొక్కితే నలిగిపోయేది ఏదైనా సరే. వేలంత పొడుగ్గా కోసి ఉడికించిన చిలగడదుంప, గుమ్మడి ముక్క, నెయ్యి వేసిన మెత్తటి పెసరపప్పన్నం ముద్ద, ఇడ్లీ, బాగా ఉడికిన గుడ్డు, ముళ్లు ఏరిన మెత్తటి చేప. వేరుశనగ కూడా పలుకుగా వద్దు గానీ మెత్తగా నూరి జావలో పల్చగా కలిపితే పనికొస్తుంది. బిడ్డని నిటారుగా కూర్చోబెట్టాలి, ఎదురుగా ఒక మనిషి ఉండాలి, నవ్వించకూడదు, పరిగెత్తనివ్వకూడదు. అన్నిటికన్నా తేలిక, మన రావులపాలెంలో లారీలకి లారీలు ఎక్కే అరటిపండు. బాగా మగ్గిన చక్కరకేళి చిన్న ముక్క ఒక్కటి చాలు.

ఒకింట్లో ఆ ముక్క బిడ్డ చేతికి అందిందో లేదో, జంతిక ఇచ్చిన మామ్మగారు, ముంజ పెట్టిన అత్తయ్యగారు, తేనె రాసిన అమ్మమ్మగారు ముగ్గురూ జీవితంలో మొదటిసారి ఒకే మాట మీద నిలబడ్డారు.

"అరటిపండా! జలుబు చేస్తుందే తల్లీ, నీకేమైనా మతి ఉందా?"

మామ్మగారు దాన్ని వాడి గుప్పిట్లోంచి విడిపించి, పారేస్తే పాపమని నోట్లో వేసుకుని, జంతికల డబ్బా మూత తీశారు.