12 మాటలు మీ చేతిలో ఉంటే చాలా? చాలదు

మన దేశపు క్రిప్టో ఎక్స్ఛేంజ్ (క్రిప్టో కొని, అమ్మి, దాచుకునే కంపెనీ) వజీర్‌ఎక్స్ దెబ్బ తర్వాత మొదలైన ఒక మెసేజ్ తెలుగు క్రిప్టో గ్రూపుల్లో ఇప్పటికీ తిరుగుతూనే ఉంది, ఒక్కోసారి ఒక్కో రూపంలో. దాని సారాంశం ఇది: "ఎక్స్ఛేంజ్‌లో ఉన్న కాయిన్లు మీవి కావు, ఈ రోజే సొంత వాలెట్‌లోకి మార్చుకోండి. బ్లాక్‌చెయిన్‌ని ఎవడూ హ్యాక్ చేయలేడు. 12 మాటల సీడ్ ఫ్రేజ్‌ని ప్రపంచంలోని కంప్యూటర్లన్నీ కలిసినా ఊహించలేవు. హార్డ్‌వేర్ వాలెట్ కొంటే ఇక జీవితాంతం నిశ్చింత. ఆ మాటలు ఇంట్లోవాళ్లకి కూడా చెప్పకండి. ఒకవేళ పోయినా లావాదేవీలన్నీ అందరికీ కనిపిస్తాయి కాబట్టి దొంగ దొరుకుతాడు."

కొత్తవాళ్ల కోసం ముందు ఒక ముక్క: బ్లాక్‌చెయిన్ అంటే లావాదేవీలన్నీ నమోదయ్యే ఉమ్మడి ఖాతా పుస్తకం. మీ కాయిన్లని కదిలించే రహస్య సంఖ్య కీ, దాన్ని ఉంచుకునే యాప్ లేదా పరికరం వాలెట్, ఆ కీలన్నిటినీ మళ్లీ పుట్టించగల 12 మాటలు సీడ్ ఫ్రేజ్. ఆ మెసేజ్ మొదటి వాక్యంతో నాకు పెద్ద గొడవ లేదు. 2014లో టోక్యోలో మౌంట్ గాక్స్ అనే ఎక్స్ఛేంజ్ కుప్పకూలినప్పుడు 8.5 లక్షల బిట్‌కాయిన్లు పోయాయన్నారు, అందులో 2 లక్షలు తర్వాత దొరికాయి. 2022 నవంబర్‌లో ఎఫ్‌టీఎక్స్ అనే ఇంకో ఎక్స్ఛేంజ్ మునిగింది. 2024 జులై 18న వజీర్‌ఎక్స్ నుంచి 23 కోట్ల డాలర్లకు పైగా పోయింది, జనం ఏడాదికి పైగా తమ డబ్బు తీసుకోలేకపోయారు. భయం న్యాయమైనదే. కానీ ఆ భయంలో ఉన్న మనిషికి "ఈ రోజే మార్చుకో" అని చెప్పి, ఎలా మార్చుకోవాలో, మార్చుకున్నాక ఏం చూసుకోవాలో ఒక్క ముక్క చెప్పకపోతే, ఆ మనిషి ఆ రాత్రే ఫోన్‌లో దొరికిన మొదటి యాప్ వేసుకుని, సీడ్ ఫ్రేజ్ స్క్రీన్‌షాట్ తీసుకుని, పని అయిపోయిందని పడుకుంటాడు. నాకు కోపం వచ్చేది అక్కడే.

ఇక ఒక్కొక్కటిగా చూద్దాం.

"బ్లాక్‌చెయిన్‌ని ఎవడూ హ్యాక్ చేయలేడు." బిట్‌కాయిన్ సంగతి వరకు సరే అనుకుందాం. అసలు దొంగకి ఆ అవసరం ఏముంది? నెట్‌వర్క్ చూసేది ఒక్కటే: లావాదేవీ మీది సంతకం, అంటే కీతో వేసే డిజిటల్ ముద్ర, ఆ కీతో సరిపోయిందా లేదా. సంతకం పెట్టింది మీరా, మీ కీ కొట్టేసినవాడా అని అడిగే వ్యవస్థ అందులో లేదు. బ్యాంకులో అయితే ఓటీపీ ఉంటుంది, అనుమానం వస్తే ఖాతా ఆపేస్తారు, అవతలి ఖాతాలో డబ్బుని హోల్డ్‌లో పెట్టించొచ్చు. ఇక్కడ సంతకం సరిపోతే డబ్బు వెళ్లిపోతుంది, నెట్‌వర్క్ లెక్కలో అది పూర్తిగా చెల్లే లావాదేవీ.

2022 మార్చిలో రోనిన్ బ్రిడ్జ్‌కి జరిగింది ఇదే. బ్రిడ్జ్ అంటే ఒక చెయిన్ నుంచి ఇంకో చెయిన్‌కి డబ్బు దాటించే వ్యవస్థ. యాక్సీ ఇన్ఫినిటీ అనే గేమ్ డబ్బంతా దాని మీదుగానే నడిచేది. లావాదేవీలని ఆమోదించే 9 మంది వ్యాలిడేటర్లలో 5 గురి సంతకం ఉంటే డబ్బు బయటికి వస్తుంది. దొంగలు ఆ 5 కీలు సంపాదించారు. కంపెనీ ఇంజనీర్‌కి ఒక నకిలీ ఉద్యోగం ఆఫర్ పంపి, దాన్ని తెరిపించి లోపలికి దూరారని అప్పట్లో వార్తలు వచ్చాయి. 1,73,600 ఈథర్ (ఎథీరియం నెట్‌వర్క్ నాణెం), 2.55 కోట్ల యూఎస్‌డీసీ (డాలర్ విలువతో నడిచే నాణెం), మొత్తం 60 కోట్ల డాలర్లకు పైమాటే. చెయిన్ మాత్రం ఏ ఇబ్బందీ లేకుండా నడుస్తూనే ఉంది. ఆరు రోజుల తర్వాత ఎవరో యూజర్ 5,000 ఈథర్ విత్‌డ్రా చేయబోతే రాకపోయేసరికి గానీ కంపెనీకి విషయం తెలియలేదు. అమెరికా ప్రభుత్వం దీన్ని ఉత్తర కొరియా పనిగా తేల్చింది.

మన ఇళ్లలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేసేవాళ్లు, వెతుక్కుంటున్నవాళ్లు ఎంతమందో మీకు తెలుసు కాబట్టి ఈ ముక్క ఇక్కడే చెప్పాలి. "ఇంటర్వ్యూలో భాగంగా ఈ కోడ్ డౌన్‌లోడ్ చేసి రన్ చేయండి" అని పంపి, ఆ కోడ్‌తోనే బ్రౌజర్‌లోని వాలెట్‌నీ పాస్‌వర్డ్‌లనీ లాగేయడం ఇప్పుడు బాగా నలిగిన దారి. వాలెట్ ఉన్న లాప్‌టాప్‌లో ఊరూ పేరూ తెలియని కంపెనీ కోడ్ రన్ చేయొద్దు, జీతం ఎంత ఊరించినా సరే.

"12 మాటల్ని ఎవరూ ఊహించలేరు." లెక్క ప్రకారం నిజమే. 2,048 మాటల పట్టికలోంచి 12 మాటలు పూర్తిగా యాదృచ్ఛికంగా వస్తే, చెల్లుబాటయ్యే సీడ్‌ల సంఖ్య రాయడానికి 39 అంకెలు కావాలి. ఆ "పూర్తిగా యాదృచ్ఛికంగా" అన్న చోటే ఇల్లు కాలింది, అదీ బాగా తెలిసినవాళ్లది. లిబ్‌బిట్‌కాయిన్ అనే పాత, పేరున్న టూల్‌లో సీడ్ తయారుచేసే కమాండ్ లోపల వాడిన యాదృచ్ఛికత 32 బిట్లే అని 2023లో బయటపడింది. అంటే ఎన్ని మాటల సీడ్ వచ్చినా దాని వెనకున్న అవకాశాలు సుమారు 429 కోట్లు మాత్రమే. మనిషికి పెద్ద సంఖ్య కావచ్చు, కంప్యూటర్‌కి మాత్రం కొద్ది రోజుల పని. దాంతో సీడ్ చేసుకున్నవాళ్ల వాలెట్లు ఊడ్చుకుపోయాయి. వాళ్లు ఎవరికీ మాటలు చెప్పలేదు, ఏ లింకూ నొక్కలేదు. అంతకుముందు ఏడాది సెప్టెంబర్‌లో వింటర్‌మ్యూట్ అనే పెద్ద ట్రేడింగ్ కంపెనీ సుమారు 16 కోట్ల డాలర్లు పోగొట్టుకుంది. ఆ కంపెనీ వాడిన, ముందు సున్నాలు వచ్చేలా ముచ్చటైన అడ్రస్ తయారుచేసే ప్రొఫానిటీ అనే టూల్‌లోనూ ఇదే 32 బిట్ల లోపం ఉంది.

కాబట్టి ఆ మాటలు ఎక్కడ పుట్టాయన్నది చాలా ముఖ్యం. వెబ్‌సైట్‌లో బటన్ నొక్కితే వచ్చిన సీడ్, ఎవరో "సెటప్ చేసి" ఇచ్చిన సీడ్, మీకు మీరే పుస్తకంలోంచి ఏరుకున్న 12 మాటలు, ఇవేవీ వద్దు.

ఇంకో సంగతి, నా దృష్టిలో ఇది అన్నిటికన్నా పెద్దది. సరిగ్గా పుట్టిన సీడ్‌ని ఊహించాలని ఎవడూ కూర్చోడు, మీరు దాచుకున్న చోటు నుంచి తీసుకుంటాడు. ఫోన్ గ్యాలరీలోని ఫొటోల్లో అక్షరాలు చదివి సీడ్ ఫ్రేజ్‌లని వెతికే స్పార్క్‌క్యాట్ అనే మాల్‌వేర్‌ని 2025 ఫిబ్రవరిలో క్యాస్పర్‌స్కీ బయటపెట్టింది. అది ఉన్న యాప్‌లు గూగుల్ ప్లేలో ఉన్నాయి, యాపిల్ స్టోర్‌లోనూ ఉన్నాయి, వాటిలో ఒకటి ఫుడ్ డెలివరీ యాప్. ఫొటోలకి పర్మిషన్ అడిగింది, జనం ఇచ్చారు. 2022లో లాస్ట్‌పాస్ అనే పాస్‌వర్డ్ మేనేజర్ నుంచి కస్టమర్ల వాల్ట్‌లు (పాస్‌వర్డ్‌లు, రహస్యాలు దాచుకున్న పెట్టెలు) ఎన్‌క్రిప్ట్ అయి ఉన్నవే దొంగల చేతికి వెళ్లాయి. వాటిని తీరిగ్గా ఇంట్లో కూర్చుని విప్పుకోవచ్చు, తొందరేం లేదు. ఆ తర్వాత జరిగిన పెద్ద క్రిప్టో దొంగతనాల్లో కొన్నిటిని అమెరికా దర్యాప్తు అధికారులు దానికే ముడిపెట్టారు. 2022 ఆగస్టులోనే సొలానా అనే చెయిన్ మీద వేల వాలెట్లు ఒక్క రాత్రిలో ఖాళీ అయ్యాయి. స్లోప్ అనే వాలెట్ యాప్ లోపాలు నమోదుచేసే సర్వర్‌కి యూజర్ల కీల సమాచారాన్ని కూడా పంపిస్తోందని విచారణలో తేలింది. అక్కడ యూజర్ చేసిన తప్పేమిటి? ఆ యాప్‌ని నమ్మడం, అంతే.

స్క్రీన్‌షాట్, వాట్సాప్‌లో మీకు మీరే పంపుకున్న మెసేజ్, ఈమెయిల్ డ్రాఫ్ట్, గూగుల్ ఫొటోస్ బ్యాకప్: ఈ నాలుగిట్లో ఎక్కడైనా మీ 12 మాటలు ఉంటే అవి ఇప్పటికే బయట ఉన్నట్టే లెక్క. ఇది అతిగా భయపెట్టడం అనుకోకండి. ఆ మాటలకి పాస్‌వర్డ్ ఉండదు, ఓటీపీ ఉండదు, మీ ఫోన్ కూడా అక్కర్లేదు. ఎవడి దగ్గరుంటే వాడే యజమాని. కాగితం మీద రాసుకోండి, పెద్ద మొత్తమైతే లోహపు రేకు మీద చెక్కించుకోండి, రెండు వేర్వేరు చోట్ల పెట్టండి.

"హార్డ్‌వేర్ వాలెట్ ఉంటే నిశ్చింత." కొనొద్దని నేను అనను, కొనమనే చెబుతాను. కీ ఇంటర్నెట్ ఉన్న మెషీన్‌లోకి రాకుండా ఆపడం దాని పని, ఆ పని బాగా చేస్తుంది. కానీ మీరు దేని మీద సంతకం పెడుతున్నారో అది మీ తరఫున ఆలోచించదు. వజీర్‌ఎక్స్ వాళ్ల దగ్గర హార్డ్‌వేర్ వాలెట్లు లేకనా? ఆ వాలెట్‌కి 6 కీలు, 5 వాళ్లవి, 1 కస్టడీ కంపెనీ లిమినల్‌ది. డబ్బు కదలాలంటే వాళ్లలో ముగ్గురు సంతకం పెట్టాలి, ఆ పైన లిమినల్ పెట్టాలి. అన్ని సంతకాలూ పడ్డాయి. స్క్రీన్ మీద కనిపించింది మామూలు ట్రాన్స్‌ఫర్, నిజంగా సంతకం పడింది ఆ వాలెట్ మీద అధికారాన్నే దొంగ పెట్టిన కాంట్రాక్ట్‌కి (బ్లాక్‌చెయిన్ మీద తనంతట తాను నడిచే ప్రోగ్రామ్) అప్పగించే ఆదేశం మీద అని వజీర్‌ఎక్స్ చెప్పింది. తప్పు నీదంటే నీదని రెండు కంపెనీలూ వాదించుకున్నాయి. పోయిన డబ్బు మాత్రం మనలాంటివాళ్లది.

ఏడు నెలల తర్వాత, 2025 ఫిబ్రవరి 21న, బైబిట్ అనే ఎక్స్ఛేంజ్‌లో అదే కథ ఇంకా పెద్దగా జరిగింది. దాదాపు 4 లక్షల ఈథర్, 150 కోట్ల డాలర్ల దాకా. వాళ్లు వాడే సేఫ్ అనే మల్టీసిగ్ (ఒకరికి మించి సంతకాలు కావాల్సిన) వాలెట్ డెవలపర్ ఒకరి మెషీన్‌లోకి దొంగలు దూరి, వెబ్‌పేజీ కోడ్‌నే మార్చేశారు. సంతకం పెట్టే అందరికీ అబద్ధమే కనిపించింది. ఎంతమంది సంతకాలు పెట్టినా, అందరూ చూసే తెర ఒకటే అయినప్పుడు, ఆ తెర మోసం చేస్తే అన్ని కీలూ ఒక్క కీతో సమానం. ఇదీ ఉత్తర కొరియా పనేనని ఎఫ్‌బీఐ ప్రకటించింది.

అంత పెద్దవాళ్ల సంగతి మనకెందుకు అనొద్దు. ఎయిర్‌డ్రాప్ (ఉచిత టోకెన్లు) వస్తుందని వాలెట్ కనెక్ట్ చేసి "అప్రూవ్" నొక్కే ప్రతి మనిషి సంగతీ ఇదే. ఒక టోకెన్‌కి అన్‌లిమిటెడ్ అప్రూవల్ ఇవ్వడం అంటే అంకె వేయని చెక్కు మీద సంతకం చేసి ఇవ్వడమే. ఆ కాంట్రాక్ట్ ఆ టోకెన్‌ని ఈ రోజే తీయొచ్చు, మీరు మర్చిపోయిన ఆరు నెలలకీ తీయొచ్చు. మీ కీ మీ దగ్గరే, మీ హార్డ్‌వేర్ వాలెట్ బీరువాలోనే భద్రంగా ఉంటుంది, టోకెన్లు ఉండవు. లావాదేవీ లేకుండానే అనుమతి ఇచ్చేసే "పర్మిట్" రకం సంతకాలైతే గ్యాస్ ఫీజు (నెట్‌వర్క్‌కి కట్టే రుసుము) కూడా పడదు కాబట్టి ఏదో జరిగిందన్న అనుమానం కూడా రాదు. డివైస్ స్క్రీన్ మీద ఏం రాసి ఉందో చదవండి, చదివినా అర్థం కాని అంకెల గుట్ట కనిపిస్తే రిజెక్ట్ నొక్కండి. పెద్ద మొత్తం ఉన్న వాలెట్‌ని ఏ సైట్‌కీ కనెక్ట్ చేయకండి, ఆటలకీ ప్రయోగాలకీ వేరే సీడ్‌తో చిన్న వాలెట్ పెట్టుకోండి.

కొనేటప్పుడు కూడా జాగ్రత్త. 2020లో హార్డ్‌వేర్ వాలెట్లు అమ్మే లెడ్జర్ కంపెనీ నుంచి సుమారు 2.7 లక్షల మంది కస్టమర్ల పేర్లు, ఇంటి అడ్రస్‌లు, ఫోన్ నంబర్లు బయటికి పొక్కాయి. మరుసటి ఏడాది వాళ్లలో కొందరికి పోస్టులో "కొత్త డివైస్ ఉచితంగా" వచ్చింది, లోపల మార్పులు చేసిన నకిలీది. సెకండ్ హ్యాండ్ వద్దు, డబ్బాలో ముందే రాసిన సీడ్ కాగితం ఉంటే అసలే వద్దు.

"ఇంట్లోవాళ్లకి కూడా చెప్పకండి." మాటలు చెప్పకపోవచ్చు, అవి ఉన్నాయన్న సంగతైనా చెప్పాలి కదా. వేల్స్‌లోని న్యూపోర్ట్‌లో జేమ్స్ హౌవెల్స్ హార్డ్ డిస్క్ 2013లో చెత్తకుప్పలోకి పోయింది, అందులో సుమారు 8,000 బిట్‌కాయిన్ల కీ ఉంది. తవ్వుకోనివ్వమని ఆయన వేసిన కేసుని 2025 జనవరిలో కోర్టు కొట్టేసింది. బతికున్న మనిషి పరిస్థితే అది. రేపు మీకేదైనా అయితే వారసత్వ ధ్రువపత్రం పట్టుకుని మీ భార్యో భర్తో ఏ ఆఫీసుకి వెళ్తారు?

చివరిది, "లావాదేవీలన్నీ కనిపిస్తాయి, దొంగ దొరుకుతాడు." కనిపించడం వేరు, తిరిగి రావడం వేరు. 2016లో బిట్‌ఫినెక్స్ అనే ఎక్స్ఛేంజ్ నుంచి 1,19,754 బిట్‌కాయిన్లు పోయాయి. ఆ నాణేలు ఎక్కడున్నాయో అందరికీ కనిపిస్తూనే ఉన్నాయి, అయినా 2022 ఫిబ్రవరి దాకా వాటిలో చాలా మటుకు అధికారుల చేతికి చిక్కలేదు. అమెరికా అధికారులు చివరికి 94 వేలకు పైగా స్వాధీనం చేసుకోగలిగింది ఎందుకంటే, ఆ దొంగ ప్రైవేట్ కీలన్నిటినీ ఒక ఫైల్‌లో పెట్టి క్లౌడ్‌లో దాచుకున్నాడు, వాళ్లు ఆ ఫైల్‌ని విప్పారు. అంత పెద్ద దేశానికి కూడా కీ దొరికితేనే పని అయింది. మనం సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి, సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టాలి, లావాదేవీ హ్యాష్‌లు (ఒక్కో లావాదేవీకి ఉండే గుర్తింపు కోడ్) ఇవ్వాలి. డబ్బు ఏదైనా ఎక్స్ఛేంజ్‌లోకి చేరితే అక్కడ ఆపించే అవకాశం ఉంటుంది, అదీ గంటల్లో కదిలితే. కానీ దాన్ని చూసుకుని కీ విషయంలో ధీమాగా ఉండమని చెప్పడం దారుణం. పైగా పోగొట్టుకున్నామని ఎక్కడైనా రాయగానే "రికవరీ ఎక్స్‌పర్ట్" అంటూ ఇన్‌బాక్స్‌లోకి వచ్చేవాళ్లు రెండోసారి దోచుకోవడానికి వచ్చేవాళ్లే. ముందు ఫీజు అడిగినా, సీడ్ అడిగినా బ్లాక్ చేయండి. పన్ను దగ్గర ఓదార్పు ఉంటుందనీ అనుకోకండి, మన చట్టంలో క్రిప్టో లాభం మీద 30 శాతం కట్టాల్సిందే, నష్టాన్ని దేనితోనూ సర్దుకోనివ్వరు.

ఆ మెసేజ్‌లో అసలు లేనిది, ఉండాల్సింది ఒకటుంది: సీడ్ బయటికి పోయిందని అనుమానం వస్తే ఏం చేయాలి. యాప్ పాస్‌వర్డ్ మార్చినా, యాప్ తీసేసి అవే మాటలతో మళ్లీ వేసుకున్నా ఏమీ మారదు. వేరే శుభ్రమైన డివైస్‌లో కొత్త సీడ్ చేసుకుని, విలువ ఎక్కువున్న వాటితో మొదలుపెట్టి అన్నీ అక్కడికి మార్చాలి, ఒక్క చెయిన్ మీదే కాదు, ఆ సీడ్ వాడిన ప్రతి చెయిన్ మీదా. పోయింది సీడ్ కాకుండా అప్రూవల్ ద్వారా అయితే ముందు ఆ అప్రూవల్‌ని రివోక్ (రద్దు) చేయాలి. సీడ్ పోయి వాలెట్ ఇప్పటికే ఖాళీ అయి, ఇంకా ఏవో టోకెన్లు మిగిలి ఉంటే, వాటిని తీయడానికి గ్యాస్ కోసం అందులో మళ్లీ ఈథర్ వేయకండి, దొంగ పెట్టిన బాట్ దాన్ని సెకన్లలో లాగేసుకుంటుంది.