సారు బొమ్మేస్తుండు, ముంగట గోడ కొట్టు!

కోపం చల్లారకముందే రాసేస్తున్నా. వాటర్ కలర్ నేర్పే మా మాస్టారికి, వరంగల్‌లో కుంచె పట్టిన ప్రతివాడూ కోట తోరణాలే వేస్తాడని చిరాకు. పాత ఇళ్ల మీద వెలుగు పట్టుకోండి, గోడ గరుకు కాగితం మీద కనబడాలి అంటాడు. ఆయనకేం, ఏసీ గదిలో కూర్చుని అంటాడు. బతుకమ్మ దగ్గర పడిన రోజులు. పరకాల వైపు ఒక ఊళ్లో గూన పెంకుల ఇల్లు దొరికింది, ఎదురింటి అరుగు మీద చేరాను.

అబ్బ, ఏం గోడ అది! డంగు సున్నం పెచ్చులూడి లోపలి మట్టి బయటపడింది, అడుగున ఎర్రమట్టి జాజు పట్టీ సగం వెలిసింది, పొద్దుటి ఎండ ఏటవాలుగా తగిలి ప్రతి పెచ్చు కిందా సన్నటి నీడ పరిచింది. ఈ రంగుల్లో తెలుపు వాడం, ఎండ పడ్డచోట కాగితాన్నే వదిలేస్తాం. దాదాపు ఆరిపోయిన కుంచెను పక్కకు వాల్చి గరుకు కాగితం మీద లాగితే మిట్టలకు రంగు అంటుతుంది, పల్లాలు తెల్లగా మిగులుతాయి, పెచ్చుల గోడ దానంతటదే వచ్చేస్తుంది. చూరు నీడకు అల్ట్రామెరైన్ నీలంలో బర్న్ట్ సియెన్నా అనే ఎర్ర గోధుమరంగు కలిపాను. ఆ నీలం పలుకులు పలుకులుగా కాగితం గుంటల్లోకి దిగుతుంటే నాలో నేనే మురిసిపోతున్నాను.

ఇంటాయన వచ్చి వెనక నిలబడ్డాడు.

"గీ గీతలేంది సారూ?"

"గోడ మీది నెర్రెలు బాపూ."

"మా ఇంటి నెర్రెలు నీకెందుకు? పేపర్ల ఏస్తే మా వియ్యంకులు జూడరా?"

పేపర్లో వేయను బాపూ అంటూనే ఉన్నా, ఆయన లోపలికి వెళ్లిపోయాడు. కాసేపటికి బకెట్, పొడుగు కర్రకు కట్టిన కుంచెతో సున్నమేసే మనిషి ప్రత్యక్షం. పండుగకు ఎట్లాగూ కొట్టించేదేనట, వెనక గోడ నుంచి మొదలుపెట్టాడట. "సారు బొమ్మేస్తుండు, ముంగట గోడ కొట్టు!"

వద్దు బాపూ అని లేచి అరిచాను. నా మొహమాటానికి మురిసిపోయి, "ఏం గాదు సారూ, నువ్వు గూసో" అన్నాడు.

తడి సున్నం మొదట్లో నీళ్లలాగే ఉంటుంది, పాత గోడ కనిపిస్తూనే ఉంటుంది. ఫరవాలేదులే అనుకుంటూ కుంచె ఝళిపించాను. అది ఆరుతున్నకొద్దీ తెల్లబడుతుందని ఆ తొందరలో ఎవడికి గుర్తుంటుంది? నేను కిటికీ పక్క పెచ్చు దగ్గరుంటే అతను అప్పటికే కిటికీ దాటాడు. జాజు పట్టీ దగ్గరికి పరుగెత్తితే సున్నం చుక్కలు నాకంటే ముందే అక్కడ పడ్డాయి.

మా ఇద్దరి మధ్యలో ఇంటాయన మనవడొకడు, చేతిలో ఫోను. సూపర్‌వైజర్‌గా వాణ్ణి ఎవరు పెట్టారో తెలీదు. నా కాగితంలోకి తొంగిచూసి, "అన్నా, గా మూలకు తెల్లగనే ఉంచినవ్, రంగెయ్యి" అంటాడు. అటు తిరిగి, "కాకా, గా మూలకు తెల్లగ గాలే, ఇంకో చెయ్యి కొట్టు" అంటాడు. రెండూ ఒకటే మూల! అది ఎండరా నాయనా, కావాలనే వదిలాను అంటే, "మరి ఫోటో దీస్కుంటే అయిపాయె గద" అన్నాడు. వాడి మాట వినని మనిషిని నేనొక్కణ్ణే, అవతలాయన చెప్పిన చోటల్లా ఇంకో చెయ్యి కొట్టాడు.

కోట తోరణాలకైతే ఎవడూ సున్నం కొట్టడు, పురావస్తు శాఖ వాళ్లు ఊరుకోరు. ఈ ముక్క మా మాస్టారికి ఫోన్ చేసి చెబితే, "గోడ గుర్తున్నంతవరకు వేసేయండి" అన్నాడు. గుర్తు చేసుకుని వేసేదానికి ఇంత దూరం బస్సెక్కి రావడం దేనికో!

గోడ తళతళలాడుతోంది. సామాను సర్దుకుంటుంటే ఇంటాయన నవ్వుకుంటూ వచ్చాడు.

"ఇప్పుడు మంచిగొస్తది సారూ బొమ్మ. సున్నపాయన కూలి సగం నువ్విస్తవా మరి? నీ కోసమే గద ముంగట గోడ ముందుగాల కొట్టిచ్చిన."

చిల్లర లేదన్నాను. మనవడు ఫోన్‌లో స్కానర్ తీసి ముఖం మీద పెట్టాడు.