క్యూ లేని కచేరీకి ఎవరొస్తారు సామీ?

తిరుపతిలో శని, ఆదివారాలొస్తే చూడ్డానికి ఏమీ ఉండదని, బెంగళూరులో, చెన్నైలో ఉన్నట్టు కొత్త నాటకాలు, కచేరీలు, రాత్రి పొద్దుపోయేదాకా ఆటపాటలు మనకెప్పుడొస్తాయని కొందరు ఈమధ్య బాగా దిగులుపడుతున్నారు. ఊరి పరువుకు సంబంధించిన విషయం కాబట్టి ఖండించక తప్పదు. మన ఊళ్ళో కళకు కొరత లేదు. వేదికలకు కొరత లేదు. రసికులకైతే అసలే కొరత లేదు. కాకపోతే వాళ్ళంతా ప్రస్తుతం వేరే క్యూలో ఉన్నారు.

మహతి ఆడిటోరియం ఉంది. అన్నమాచార్య కళామందిరం ఉంది. త్యాగరాజ మండపం ఉంది. 1959 నుంచి నడుస్తున్న ఎస్వీ సంగీత నృత్య కళాశాల ఏటా పాడేవాళ్ళను, వాయించేవాళ్ళను, ఆడేవాళ్ళను తయారుచేసి పంపిస్తూనే ఉంది. కొండమీద గుడి ఎదురుగా నాదనీరాజనం వేదిక మీద సాయంత్రాలు ఎవరో ఒకరు పాడుతూనే ఉంటారు. అక్కడి శ్రోతలు దర్శనం అయిపోయి కాళ్ళు లాగుతున్నవాళ్ళు, లడ్డు కౌంటరుకు వెళ్ళిన మొగుడి కోసం సంచులు పెట్టుకుని కూర్చున్నవాళ్ళు. వాళ్ళలో ఒకరు కునుకు మధ్యలో తాళం వేశారంటే ఆ గాయకుడికి ఆ రోజు పండగే.

కింద ఊళ్ళో ఆ మాత్రం కూడా లేదు. శనివారం సాయంత్రం ఒక నృత్య కార్యక్రమానికి వెళ్ళి చూడండి. ఆహ్వానపత్రికలో ఆరు గంటలకని ఉంటుంది. ఆరింటికి హాల్లో మైకు సరిచేసే అబ్బాయి, ఆ మైకును మళ్ళీ పాడుచేసే నిర్వాహకుడు ఉంటారు. ముందు వరస సోఫాలకు తెల్లగుడ్డ కప్పి, కాగితం మీద స్కెచ్ పెన్నుతో ‘వీఐపీ’ అని రాసి అంటించి ఉంటుంది. ఆ వీఐపీ రాడు. ఆయన కొండమీద తనకంటే పెద్ద వీఐపీ వెంట ఉంటాడు. అయినా ఆ సోఫాలో ఇంకెవరినీ కూర్చోనివ్వరు. గంటసేపు జ్యోతి ప్రజ్వలన, శాలువాలు, ఉపన్యాసాలు నడుస్తాయి, వాటి సంగతి మీకు తెలిసిందే.

అసలు కళ ఆ తర్వాత మొదలవుతుంది. గ్రూపులో పన్నెండు మంది పిల్లలుంటే అమ్మానాన్నలు, అవ్వాతాతలు కలిసి హాలు కొంచెం నిండినట్టే కనిపిస్తుంది. మొదటి పాప అంశం అవగానే ఒక కుటుంబం లేస్తుంది. మేకప్ డబ్బా, గజ్జెల సంచి, వాటర్ బాటిల్ సర్దుకుని, వేదిక మీద రెండో పాప పుష్పాంజలి చేస్తుండగానే ముందు నుంచి వంగి వంగి వెళ్ళిపోతుంది. వంగడం కళ మీద గౌరవంతో. ఇట్లా ఒక్కో అంశానికి ఒక్కో ఇల్లు ఖాళీ అవుతూ, చివర్లో తిల్లానా ఆడే పాపకు మిగిలేది వాళ్ళమ్మ, గురువుగారు, హాలుకు తాళం వేయాల్సిన మనిషి. అందుకే గురువుల దగ్గర చివరి అంశం ఎవరికివ్వాలన్నది పెద్ద టెన్షన్. ఫీజు బాకీ ఉన్నవాళ్ళకిస్తారని కిట్టనివాళ్ళు అంటారు.

మంచి హాలు, మంచి ఏసీ, మంచి పాట ఉండి ఎందుకిట్లా జరుగుతోందని నేను చాలా లోతుగా ఆలోచించాను. తేలింది ఒక్కటే. ప్రవేశం ఉచితం, తలుపులు తెరిచే ఉంటాయి, ఎవరినీ అడగాల్సిన పనిలేదు. ఈ మూడు అవమానాలు భరించి తిరుపతి మనిషి లోపలికి ఎట్లా వస్తాడు?

నమ్మకం లేకపోతే మీ పక్కింటాయన మీద ప్రయోగం చేయండి. "శనివారం నాటకముంది, పోదామా?" అనండి.

"పాసులుండాయా?"

"పాసు అక్కర్లేదు సామీ, ఊరికే పోవచ్చు."

"ఊరికేనా..." అని ఆయన ఆకాశం వైపు చూస్తాడు. "సరే, చూస్తాంలే."

ఆ నాటకం అక్కడితో అయిపోయినట్టే. ఇదే మాటను ఇంకోలా చెప్పండి. "నాటకానికి పాసులు అయిపోయినాయంట సామీ. ఆ చివరింటాయన ఎట్లనో రెండు పట్టినాడంట."

"ఆయనకు ఎవురిప్పించినారు? మనకు తెలిసినోళ్ళు ఎవురన్నా ఉండారేమో కనుక్కో!"

నాటకం ఏమిటో, ఎవరు వేస్తున్నారో ఆయన ఇప్పటికీ అడగలేదు. గమనించారు కదా.

ఇందుకు చరిత్రలో రుజువు కూడా ఉంది. 2024 డిసెంబరులో స్థానికులకు నెలలో మొదటి మంగళవారం శ్రీవారి దర్శనం కల్పించడం మళ్ళీ మొదలుపెట్టారు. తిరుపతి వాళ్ళకు ఆ టోకెన్లు ఇవ్వడానికి ఎంచుకున్న చోటు ఏది? మహతి ఆడిటోరియం. ఊళ్ళో సగంమందికి మహతికి దారి తెలిసింది ఆధార్ కార్డు చేతపట్టుకునే. ఏ విద్వాంసుడికీ రాని జనం ఒక చిన్న కాగితం ముక్కకు వచ్చారు. హాలును తప్పుపట్టడానికి లేదు, పార్కింగును తప్పుపట్టడానికి లేదు. వేదిక మీద ఉండాల్సిన వస్తువు విషయంలోనే ఇన్నాళ్ళూ పొరపాటు జరిగింది.

సినిమావాళ్ళు ఈ సూత్రాన్ని ఎప్పుడో పట్టుకున్నారు. కొత్త సినిమా వస్తోందంటే ప్రభుత్వమే టికెట్ రేటు పెంచుకోవచ్చని జీవో ఇస్తుంది. అర్ధరాత్రి దాటాక బెనిఫిట్ షో వేస్తారు. దాని టికెట్ కోసం మన కుర్రాడు మిక్సీ కొనడానికి అమ్మ దాచిన డబ్బు తీస్తాడు. పొద్దున పది గంటల ఆటలో కూడా అదే బొమ్మ, అదే హీరో, అవే ఫైట్లు. ఆ సంగతి వాడికి తెలుసు. వాడు కొన్నది సినిమాను కాదు, పొద్దున టీ కొట్టు దగ్గర "మేం రాత్రే చూసేసినాం" అనే మాటను. కచేరీ వాళ్ళు శ్రోతకు అట్లాంటి మాట ఒక్కటన్నా ఇస్తున్నారా?

కాబట్టి ఊరి సాంస్కృతిక అభివృద్ధి కోసం నేను ప్రతిపాదించేదేమిటంటే, ముందుగా హాలు తలుపులు మూసేయాలి. పార్కింగులో ఇనుప కమ్మీలతో వంకర టింకర దారి వేసి కంపార్ట్‌మెంట్లు కట్టాలి. కచేరీ సాయంత్రమైతే శ్రోత పొద్దున్నే వచ్చి అందులో కూర్చోవాలి. వేళకు పాలు, ఉప్మా, సాంబారన్నం అందించాలి. ఎదురుగా టీవీ పెట్టి నిన్నటి కచేరీ చూపించాలి. నిన్న తనకు దొరకనిది ఏమిటో చూస్తే ఇవాళ్టి మీద గురి కుదురుతుంది.

మామూలు శ్రోతకు మహాలఘు శ్రవణం చాలు. తలుపు దగ్గర నుంచి నడుస్తూ పోవడమే, కూర్చోవడం ఉండదు. పక్కన వలంటీరు "జరగండి, జరగండి, ముందుకు పదండి" అంటూనే ఉండాలి. ఆ సందడిలో గాయని ఆలాపనలో ఒక గమకం చెవిన పడీ పడకుండానే శ్రోత బయటికొచ్చేస్తాడు. ఇంటికెళ్ళి వారం రోజులు చెప్పుకుంటాడు: "ఏం ఆలాపన సామీ! రెండు సెకన్లే, కానీ నా వైపే చూసి పాడింది." ఇదే మనిషిని మెత్తటి కుర్చీలో మూడు గంటలు కూర్చోబెట్టి ఉంటే వాట్సాప్‌లో గుడ్ ఈవినింగ్ బొమ్మలు పంపించుకునేవాడు.

ఇక సిఫార్సు లేఖలు. తిరుమలలో వీఐపీ బ్రేక్ దర్శనానికి ఉండి, 2019లో ఎత్తేసిన ఎల్1, ఎల్2, ఎల్3 తరగతులు అప్పటి నుంచి ఊరికే పడి ఉన్నాయి. వాటిని సంగీతానికి కేటాయించవచ్చు. ఎల్1 లేఖ తెచ్చినవాళ్ళు తంబూరా పక్కనే కూర్చుని, మధ్యలో లేచి ఫోన్ మాట్లాడుకోవచ్చు. ఎల్2 వాళ్ళకు ఒక కీర్తన పూర్తిగా. ఎల్3 వాళ్ళను సరిగ్గా తని ఆవర్తనం, అంటే పాట ఆగి మృదంగం మోగే సమయానికి లోపలికి వదలాలి. తని మొదలవగానే హాలంతా కాఫీకి లేచిపోవడం అనాదిగా వస్తున్న ఆచారం. లేఖ తెచ్చుకున్నవాడు మాత్రం లేవడు, అది పట్టుకోవడానికి ఎంత తిరిగాడో వాడికి తెలుసు. మన మృదంగ విద్వాంసుల మొహంలో వెలుగు చూడాలంటే ఇంతకన్నా దగ్గరి దారి నాకు కనిపించడం లేదు.

పేపరువాళ్ళు కూడా సహకరించాలి. ‘కార్యక్రమం శ్రోతలను అలరించింది’ అనే వాక్యాన్ని పూర్తిగా మానేసి, రోజూ ఒక పెట్టెలో ఇట్లా వేయాలి: ‘మహతిలో తగ్గని రద్దీ. కంపార్ట్‌మెంట్లన్నీ నిండి లీలామహల్ సర్కిల్ దాకా బారులు తీరిన శ్రోతలు. టోకెన్ లేనివారికి వర్ణం వినడానికి 18 గంటల సమయం.’ ఇది చదివాక ఇంట్లో ఎవడుంటాడు?

ఒక్క మాట మాత్రం నవ్వులాటకు కాదు. 2025 జనవరి 8న ఇదే ఊళ్ళో వైకుంఠద్వార దర్శనం టోకెన్ల కోసం వచ్చిన ఆరుగురు తొక్కిసలాటలో చనిపోయారు. పరుగులు పెట్టించే క్యూ ఏదీ నాకొద్దు. నేనడిగేది కూర్చోబెట్టి, అన్నం పెట్టి, ఊరికే విసిగించే క్యూ.

నగరం అన్నాక క్యాబరే లాంటిది కూడా ఉండాలి కదా అని ఒక మిత్రుడు అడిగాడు. బయటి నుంచి దిగుమతి చేసుకోవాల్సిన ఖర్మ మనకు లేదు. చిత్తూరు వైపు పల్లెల్లో జాతరలకు పాటకచ్చేరి పెడతారు, పోలీసులు చూసీచూడనట్టు ఉంటే రికార్డింగ్ డ్యాన్స్ కూడా పెడతారు. అందులో అసభ్యత ఏమైనా ఉందా అని పరిశీలించడానికి ఊరి పెద్దలు ముందు వరసలో కూర్చుంటారు. పరిశీలన రాత్రి రెండింటికి గానీ పూర్తికాదు. అప్పటికీ కచ్చితంగా తేలక, వచ్చే ఏడు మళ్ళీ చూడాల్సి వస్తుంది.

తిరుపతిలోనైతే మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతర ఉంది. ఆ వారం రోజులూ బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం, మాతంగి వేషం అని రోజుకొక వేషం. మామూలు రోజుల్లో ఆఫీసులో గుండీ ఊడినా సిగ్గుపడే మనిషి చీర కట్టి, సవరం పెట్టి, మూరెడు మల్లెపూలు తురుముకుని, గడియారం మాత్రం తీయడం మర్చిపోయి నడివీధిలో నడుస్తాడు. పక్కన వాళ్ళమ్మే కొంగు సర్దుతూ ఉంటుంది. ఆడవాళ్ళను చెరపట్టిన పాలెగాడిని గంగమ్మ వేషాలు మార్చి వెతికి చంపిన కథ అది. దానికి టికెట్ లేదు, పాసు లేదు, సిఫార్సు లేదు, అయినా ఊరంతా ఉంటుంది. ఇది నా సిద్ధాంతానికి పూర్తిగా విరుద్ధం. కాబట్టి దీన్ని కళల పద్దులో కాక పండగల పద్దులో రాసేసి ముందుకు పోతున్నాను.

ఈ పద్దు మార్పిడి చిత్తూరు విషయంలోనూ తప్పడం లేదు. అక్కడ నాగయ్య కళాక్షేత్రం ఉంది. రేపల్లెలో పుట్టి, చిత్తూరు రామవిలాస సభ నాటకాల్లో రాటుదేలి, సినిమాల్లోకెళ్ళి 1965లో పద్మశ్రీ అందుకున్న మనిషి నాగయ్యగారు. ఆయన ఊరి పేరు తన పేరు ముందు తగిలించుకున్నారు, ఊరు ఆయన పేరును హాలుకు తగిలించి బాకీ తీర్చుకుంది. చిత్తూరు వాళ్ళ శని, ఆదివారాలంటారా, వేలూరు దగ్గర, బెంగళూరు దూరం, రెండింటికీ బస్సులున్నాయి. కానీ చుట్టుపక్కల పల్లెల్లో ద్రౌపదమ్మ గుడి ముందు మహాభారతం పెట్టారంటే పద్దెనిమిది రోజులు పగలు హరికథ, రాత్రి తెల్లవార్లూ వీధినాటకం. అర్జునుడి తపస్సు నాడు వేషగాడు కిరీటంతో సహా తపస్సు మాను ఎక్కుతాడు. మెట్టు మెట్టుకూ పద్యం పాడుతూ ఎక్కుతాడు, ఎక్కినకొద్దీ ఆయాసం పద్యంలోకి వస్తుంది. కింద జనం ఊపిరి బిగబట్టి తల పైకెత్తి చూస్తారు. పై నుంచి ఆయన విసిరే నిమ్మకాయ కోసం ఒళ్ళో కొంగు పట్టుకుని ఆడవాళ్ళు నిలబడతారు. వీళ్ళూ ప్రేక్షకులే, పైగా తెల్లారేదాకా కదలరు. ఏసీ లేదు, సోఫా లేదు. ఇంత మొండి సాక్ష్యాన్ని ఏం చేయాలో తోచక దీన్ని కూడా పండగల్లోకే తోసేశాను.

హాళ్ళకు మాత్రం నా పథకమే శరణ్యం. టికెట్లు మూడు నెలల ముందు పొద్దున పది గంటలకు ఆన్‌లైన్‌లో విడుదల చేయాలి. పదీ నాలుగుకల్లా కోటా అయిపోవాలి. అప్పుడు హరిశ్చంద్ర నాటకానికి కూడా ఊరంతా ఎగబడుతుంది. ఇందులో చిన్న ఇబ్బంది ఒకటి రావచ్చు. నాటకం వేసేవాళ్ళకే టికెట్లు దొరక్కపోవచ్చు. మొహానికి రంగు పూసుకుని, కాటికాపరి కర్ర చేతపట్టుకుని గేటు దగ్గరకొచ్చిన హరిశ్చంద్రుణ్ణి సెక్యూరిటీ ఆపి "లెటర్ ఏదీ?" అంటాడు. ఆయన పాపం ఒక్క క్షణం తటపటాయించి, ఎమ్మెల్యేగారి బామ్మర్దినని చెప్పుకుని లోపలికి పోవాల్సి ఉంటుంది.