గంజి ఎండబెట్టినంత మాత్రాన కవర్ అయిపోదు

కోనసీమ వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది: "అన్నం వార్చిన గంజిలో చెంచాడు వెనిగర్ వేసి పళ్లెంలో ఎండబెట్టండి. తినగలిగే కవర్ రెడీ. పెరుగైనా పచ్చడైనా కట్టుకోవచ్చు, ఆరు నెలలు చెడదు. పూతరేకులు చేసే మనకు ఇదో లెక్కా?" కాలువల నిండా ప్లాస్టిక్ చూస్తున్నవాళ్లకు ఆశ పుట్టడం సహజమే. కానీ ఇలా చేస్తే కట్టిన సరుకు పాడవుతుంది.

గంజితోనే చిక్కు మొదలు. అందులో పిండి ఎంతుందో పూటకో తీరు. కొలతతో చేయాలంటే కర్రపెండలం పిండి 5 గ్రాములు, నీళ్లు 100 మి.లీ., తినడానికి పనికొచ్చే గ్లిజరిన్ ఒకటిన్నర గ్రాములు. చన్నీళ్లలో ఉండ కట్టకుండా కలిపి, సన్నసెగ మీద తిప్పుతూ 85–90 డిగ్రీల దగ్గర పావుగంట ఉంచితే పాలలాంటి తెలుపు పోయి జిగురుగా, నిగనిగలాడుతూ వస్తుంది. బుడగలు పోయాక 20 సెం.మీ. చదరపు నాన్‌స్టిక్ ట్రేలో పోసి, 45 డిగ్రీల వేడిలో రాత్రంతా ఆరనివ్వాలి. ట్రే వాలితే పలచటి వైపు ముందే ఎండి చిట్లుతుంది. బుడగ మిగిలిన చోట చిల్లు పడుతుంది.

రేకు పెళుసెక్కకుండా వంగేలా ఉంచేది గ్లిజరిన్. ఆ పని వెనిగర్ చేయదు. వేడిలో వెనిగర్‌లోని ఆమ్లం పిండిలోని పొడవాటి అణువుల గొలుసులను తెంచుతుంది, ఎక్కువైతే రేకు బలమే పోతుంది.

ఇక పూతరేకు. ఆత్రేయపురంలో నానబెట్టి రుబ్బిన బియ్యప్పిండి జారులో గుడ్డ ముంచి, కాలుతున్న బోర్లా కుండ మీద లాగుతారు. క్షణంలో ఉడకడం, ఆరడం రెండూ అయిపోతాయి. గ్లిజరిన్ లేదు కనక ముట్టుకుంటే పొడిపొడి అయిపోతుంది. తడిగుడ్డ తగిలితేనే మడత పడుతుంది. అంటే నీరే దాన్ని మెత్తబరుస్తోంది. అలాంటి రేకులో పెరుగు పోస్తే ఏమవుతుంది? ఉబ్బి, జారి, చిరుగుతుంది. తడి పచ్చడికీ అంతే. గ్లిజరిన్ వేసి పోసిన పిండి రేకు నూనెను మాత్రం గట్టిగా ఆపుతుంది, పొడిగా ఉన్నంతసేపు ఆక్సిజన్‌నూ ఆపుతుంది. అసలు మేలు ఇదే, మెసేజ్‌లో ఆ ఊసే లేదు.

ఆరు నెలల మాట నమ్మకండి. మన వానాకాలపు చెమ్మకు రేకులు ఒకదానికొకటి అంటుకుని బూజు పడతాయి. పొడిచోట దాచినా పిండి గొలుసులు మళ్లీ దగ్గరై రేకు పెళుసెక్కుతుంది. గ్లిజరిన్ పెంచితే పెళుసు తగ్గుతుంది గానీ చెమ్మ ఇంకా పీలుస్తుంది.

జీడిపప్పు, మసాలా పొడి, పాలపొడి లాంటి పొడి సరుకుకు చిన్న పొట్లాలుగా వాడండి. అంచుకు తడివేలు రాసి నొక్కితే అతుక్కుంటుంది. పొట్లంతో సహా తినేది కాబట్టి దుమ్మూ చేతులూ తగలకుండా, చెమ్మ చేరకుండా బిగుతు మూత డబ్బాలోనే ఉంచాలి.